పేరొక చోట, మనిషొక చోట

కుర్చీలు చాలలేదని నిర్వాహకులు నొచ్చుకుంటున్నారు. ఎన్నికల మీద మాట్లాడే సభకు హైదరాబాదులో కుర్చీలు చాలకపోవడం నాకు మటుకు శుభశకునంగానే ఉంది.

ఇవాళ మనం తలచుకుంటున్న మాస్టారి పేరు బయటికి చెప్పొద్దని వారి అమ్మాయి కోరారు. అందుకని ఈ గంటసేపూ ఆయన నాకు మాస్టారే. ఈ బోరబండ గల్లీల్లో ఆ మాటంటే ఇంకొకరు గుర్తుకు రారు కదా. ముప్ఫై ఏళ్లకు పైగా సర్కారు బడిలో లెక్కలు చెప్పారు. ప్రతి ఎన్నికలోనూ డ్యూటీ చేశారు. ఓటరు జాబితా సవరణ వచ్చిందంటే ఆ కట్ట పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. రిటైరయ్యాక డ్యూటీ పోయింది గాని తిరగడం పోలేదు. తన గల్లీలో ఏ ఇంట్లో ఎవరుంటున్నారో, ఎవరి ఓటు ఎక్కడుందో ఒక నోటు పుస్తకంలో సొంతంగా రాసుకునేవారు. అదిగో, పటం పక్కన ఉన్నది ఆ పుస్తకమే. అందులో ఇంటి నంబర్లు ఇంకుతో, మనుషుల పేర్లు పెన్సిల్‌తో ఉంటాయి. ఎందుకలా అని ఒకసారి అడిగితే, "ఇది కిరాయి గల్లీ సారూ, ఇంకుతో రాస్తే పుస్తకం పాడైతది" అన్నారు.

నేను డిగ్రీ కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పినవాణ్ణి. ఆ శాస్త్రంలో నేను చదివిందానికంటే ఆ ఒక్క మాటలో ఎక్కువ సరుకుంది. ఇవాళ నేను చెప్పబోయేదంతా దాని వ్యాఖ్యానమే.

1

ముందు మన నియోజకవర్గం పేరుతో మొదలుపెడదాం. పేరు జూబ్లీహిల్స్. బయటివాళ్లు ఆ పేరు వినగానే సినిమా తారల బంగళాలు, ఎత్తు గోడలు, విదేశీ కుక్కలు అనుకుంటారు. ఆ బంగళాల్లో ఎక్కువ భాగం ఖైరతాబాద్ నియోజకవర్గంలోకి పోయాయి. జూబ్లీహిల్స్ పేరు మీద ఓటేసేది బోరబండ, రహమత్‌నగర్, ఎర్రగడ్డ, యూసుఫ్‌గూడ, షేక్‌పేట, వెంగళరావునగర్ వాళ్లు, వాళ్లతో పాటు సోమాజిగూడలో కొంత. పేరొక చోట, మనిషొక చోట అన్నది మన దగ్గర నియోజకవర్గం బోర్డు నుంచే మొదలైంది. (నవ్వులు)

ఇంకో తమాషా చూడండి. బోరబండ రైల్వే స్టేషన్లో దిగి నాలుగు గల్లీలు నడిస్తే అల్లాపూర్ వస్తుంది. మనకు అది ఒకటే ఊరు, ఒకటే కూరగాయల బండి. ఎన్నికల సంఘానికి మాత్రం అల్లాపూర్ కూకట్‌పల్లి నియోజకవర్గం, మల్కాజిగిరి పార్లమెంటు. మనది సికింద్రాబాద్ పార్లమెంటు. గల్లీకి అటు వియ్యంకుడికి ఒక ఎమ్మెల్యే, ఇటు వియ్యపురాలికి ఇంకొక ఎమ్మెల్యే. 2008 నాటి పునర్విభజనకు ముందు ఇందులో ఎక్కువ భాగం ఖైరతాబాదే. ఎమ్మెల్యే పి.జనార్దన్‌రెడ్డి (పీజేఆర్) గారి ఖైరతాబాద్. "పీజేఆర్ ఉన్నప్పుడు" అని మొదలుపెట్టే వాక్యాలు ఈ బస్తీల్లో ఇప్పటికీ వింటాం. 2007 డిసెంబరులో ఆయన పోయారు. 2009లో కొత్త నియోజకవర్గానికి తొలి ఎమ్మెల్యేగా ఆయన కొడుకు విష్ణువర్ధన్‌రెడ్డిని గెలిపించారు. ఇది తర్వాత పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

2

ఇప్పుడు పోలింగు శాతానికి వద్దాం. 2025 నవంబరు 11న ఇక్కడ ఉప ఎన్నిక జరిగింది. ఇక్కడి ఎమ్మెల్యే మాగంటి గోపీనాథ్ గారు ఆ ఏడాది జూన్‌లో కాలం చేయడంతో వచ్చిన ఎన్నిక. రాష్ట్ర మంత్రివర్గమంతా ఈ గల్లీల్లో తిరిగింది. పోలింగ్ కేంద్రాల మీద డ్రోన్లు ఎగిరాయి. 58 మంది అభ్యర్థులు నిలబడితే బూత్‌లో నాలుగు బ్యాలెట్ యూనిట్లు వరసగా పరచాల్సి వచ్చింది. మా అమ్మ బతికి ఉంటే, "ఇదేందిరా, గాజుల దుకాణం లెక్కున్నది" అనేది. ఇంత హంగామా చేస్తే పడిన ఓట్లు 48.49 శాతం. 2023 అసెంబ్లీ ఎన్నికల్లో అది నలభై ఏడున్నర. అంత పెద్ద యుద్ధానికి పెరిగింది ఒక్క శాతం.

మర్నాడు పత్రికల్లో, టీవీల్లో పాత పాటే. నగర ఓటరుకు బద్ధకం, సెలవిస్తే సినిమాకు పోతాడు, ప్రజాస్వామ్యం అంటే లెక్కలేదు. 2023లో మునుగోడు 91 శాతం దాటితే హైదరాబాదుకు ఏం రోగం అని అడిగిన పెద్దమనుషులున్నారు.

నాకూ కోపమొచ్చేది. మాస్టారు లెక్కల పంతులు కాబట్టి వేరే చోట వేలు పెట్టారు. శాతం అంటే భిన్నం. పైన పడిన ఓట్లు, కింద జాబితాలో పేర్లు. అందరూ పై అంకెను తిడతారు. కింది అంకెను ఎవరూ తడిమి చూడరు.

కింద 4,01,365 పేర్లున్నాయి. అందులో ఎంతమంది నిజంగా ఆ ఇళ్లలో ఉన్నారు? మాస్టారి పుస్తకం ఒక గల్లీకి సంబంధించింది, దాన్ని నియోజకవర్గానికి గుణించేంత సాహసం నేను చేయను. కానీ అందులో కనిపించే రకాలు చెబుతాను, మీ గల్లీతో పోల్చుకోండి. పెళ్లయి అత్తవారింటికి పోయిన ఆడపిల్ల పేరు ఇక్కడే ఉంది. ఇల్లమ్ముకుని శివారుకు పోయిన కుటుంబం పేర్లు ఇక్కడే ఉన్నాయి. అమెరికా పోయిన కుర్రాడి పేరు ఇక్కడే. చనిపోయిన పెద్దాయనా ఇక్కడే. వీళ్లెవరూ బద్ధకస్తులు కారు. రాలేరు, అంతే. కాని శాతం లెక్కలో వీళ్లంతా "ఓటేయని హైదరాబాదీలు". చచ్చినవాణ్ణి కూడా బద్ధకస్తుడని తిడుతున్నాం.

అమెరికా సంగతి ఒక మాట. అక్కడ చాలాచోట్ల మనిషే తన పేరు నమోదు చేయించుకోవాలి. అందుకని అక్కడి పండితులు జాబితా మీద కాక, ఓటు వయసూ అర్హతా ఉన్న మొత్తం జనాభా మీద శాతం కడతారు. ఆ పద్ధతిలో పోయినవాళ్ల పేర్లు లెక్కను చెడగొట్టవు, నమోదు కానివాళ్లూ దాక్కోలేరు. మన పద్ధతిలో రెండు తప్పులూ జరుగుతాయి. ఉన్న పేర్లలో లేని మనుషులు అంకెను కిందికి లాగుతారు. ఉన్న మనుషుల్లో పేరు లేనివాళ్లు అసలు లెక్కలోకే రారు. ఈ రెండో రకమే నాకు ముఖ్యం.

3

రెండో రకం అంటే ఎవరు? మీరే. ఇందాక చేతులెత్తమంటే ఎత్తారు కదా, ఈ హాల్లో కిరాయికున్నవాళ్లు సగానికి పైనే. పాలమూరు నుంచి వచ్చిన మేస్త్రీ, మెదక్ నుంచి వచ్చిన ఆటో డ్రైవరు, శ్రీకాకుళం నుంచి వచ్చి అపార్ట్‌మెంటుకు కాపలా ఉన్న జంట. తెల్లారితే అడ్డా మీద నిలబడతారు, ఎనిమిదింటికి ఎవరో మాట్లాడుకుపోతారు. వీళ్లను ఓటెక్కడని అడిగితే జవాబొకటే: "మాది ఓటు ఊర్ల ఉన్నది సార్, ఈడ కిరాయికుంటం."

ఆ వాక్యంలో బద్ధకం ఎక్కడుంది చెప్పండి. ఊళ్లో ఓటుంటే ఊళ్లో పేరున్నట్టు. రేషను కార్డు, ముసలమ్మ పింఛను, అరెకరం పొలం, రేపు ఇందిరమ్మ ఇల్లొస్తే అది, అన్నీ ఆ పేరుకు కట్టేసి ఉన్నాయి. ఊళ్లో ఓటు తీసేయించుకుంటే ఊరే తీసేస్తుందేమోనని భయం. పైగా సర్పంచ్ ఎన్నికలో ఆ ఒక్క ఓటుకు విలువుంది, బస్సు ఛార్జీ పంపి పిలిపించుకుంటారు. ఇక్కడ ఆ మేస్త్రీ లక్షల్లో ఒకడు. అక్కడ మూడొందల్లో ఒకడు. తెలివైనవాడు ఎక్కడ ఓటేస్తాడు?

చట్టం ఏమంటుందో చెప్పాలి. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం మామూలుగా ఎక్కడ నివసిస్తే అక్కడే ఓటు. ఒకే చోట. సొంత ఇల్లుంటేనే నివాసం అని అందులో లేదు. పైగా ఇల్లుండటం ఒక్కటే నివాసం కాదని స్పష్టంగా ఉంది. ఇన్ని నెలలు ఉండాలన్న గడువు కూడా లేదు. అంటే చట్టం దృష్టిలో ఈ మేస్త్రీ బోరబండ ఓటరు. ఇళ్లు లేక ఫుట్‌పాత్ మీద పడుకునేవాళ్లకు కూడా బూత్ లెవెల్ అధికారి రాత్రి వచ్చి చూసి పేరు రాయొచ్చు. కాగితం మీద ఇంత ఉదారం. కాని కొత్తగా పేరు రాయించుకునే ఫారం 6కు జోడించాల్సిన చిరునామా రుజువు దగ్గర బండి ఆగిపోతుంది. కరెంటు బిల్లు ఓనరు పేరు మీద ఉంటుంది. కిరాయి ఒప్పందం నోటి మాట. రిజిస్టరు చేసిన ఒప్పందం ఈ గల్లీల్లో ఎవరైనా చూశారా? (ఎవరూ మాట్లాడలేదు) "మీరు ఈడ ఓటు రాయించుకుంటే రేపు ఇల్లు ఖాళీ చెయ్యరు" అని భయపడే ఓనర్లు కూడా నాకు తెలుసు. వాళ్లూ చెడ్డవాళ్లు కారు, వాళ్ల భయం వాళ్లది.

పదకొండు నెలలకోసారి గది మారేవాడు ప్రతిసారీ చిరునామా మార్పుకు ఫారం 8 నింపాలి. మీలో ఎంతమంది గ్యాస్ కనెక్షన్ చిరునామా వెంటనే మార్చుకున్నారో ఆలోచించండి. గ్యాస్ లేకపోతే వంట ఆగుతుంది, అయినా మార్చుకోరు. ఓటు లేకపోతే ఆగేదేముంది?

పోలింగ్ రోజు సెలవు సంగతీ చూద్దాం. ఎన్నికల చట్టంలో 135బి అనే సెక్షను ప్రకారం యజమాని జీతంతో సెలవివ్వాలి, రోజుకూలీకి కూడా వర్తిస్తుంది. ఇవ్వకపోతే జరిమానా అయిదు వందల రూపాయల దాకా. అడ్డా కూలీకి యజమాని ఎవరు? ఆ రోజు ఎవరు మాట్లాడుకుంటే వాళ్లు. ఎవరూ మాట్లాడుకోకపోతే దేవుడు. అయిదు వందలు జరిమానా అంటే మేస్త్రీ రోజుకూలీ కంటే తక్కువ. అంతకంటే ఆ సెక్షను గురించి చెప్పనక్కర్లేదు.

జాబితాలో పేరు గల్లంతవడం కొత్త రోగం కాదు. తొలి సాధారణ ఎన్నికల నాడు ఉత్తరాదిలో లక్షలమంది ఆడవాళ్లు తమ పేరు చెప్పలేదు, ఫలానా ఆయన భార్యను, ఫలానా వాడి తల్లిని అన్నారు. ఆనాటి ఎన్నికల ప్రధాన కమిషనర్ సుకుమార్ సేన్ అలాంటి పేర్లు చెల్లవన్నారు. దాదాపు 28 లక్షల పేర్లు కొట్టేశారు. వాళ్లనూ ఆ ఏడు "ఓటుకు రాని ఆడవాళ్లు" అనొచ్చా? 2018 డిసెంబరు 7న మన నగరంలో ఏం జరిగిందో చాలామందికి గుర్తుంది. స్లిప్పు కోసం వెతికితే పేరే లేదు. బ్యాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల పేరు కూడా లేదు. రాష్ట్ర ఎన్నికల ప్రధానాధికారి క్షమాపణ చెప్పారు. ఆ రోజు నేనూ మూడు బూత్‌లు తిరిగి ఇంటికొచ్చాను. మా ఆవిడ పేరుంది, నా పేరు లేదు. "ఇంటి పెద్ద ఎవరో సర్కారుకు తెలిసిపోయింది" అంది. (నవ్వులు)

4

ఇంతవరకూ చెప్పింది నిజమైతే ఒక సంగతి కనబడాలి. పేరూ మనిషీ ఒకే గడపలో ఉన్న చోట ఓటు ఎక్కువ పడాలి. గదులు, హాస్టళ్లు, అద్దె ఫ్లాట్లు ఉన్న చోట తక్కువ పడాలి. చూద్దాం.

ఉప ఎన్నికలో అన్ని డివిజన్లకంటే ముందు నిలిచింది బోరబండ. యాభై ఆరు శాతానికి దగ్గరగా వచ్చింది. అందరికంటే వెనక సోమాజిగూడ, నలభై రెండు. చప్పట్లు కొట్టండి, మీకు అర్హతుంది. బస్తీవాళ్లు ఓటుకు రారన్న మాట ఇక్కడ అబద్ధం. మన దేశంలో పేదలు ఓటుకు ముందుంటారని పరిశోధకులు 1990ల నుంచీ చెబుతూనే ఉన్నారు. అమెరికాలో దీనికి ఉల్టా, అక్కడ డబ్బూ చదువూ ఉన్నవాళ్లే ఎక్కువ ఓటేస్తారు. మరి 2020 డిసెంబరులో జీహెచ్‌ఎంసీ ఎన్నికలప్పుడు నగరం మొత్తంలో అట్టడుగున ఉన్నదెవరు? పక్కనే ఉన్న యూసుఫ్‌గూడ, 33 శాతం. పాతబస్తీ వైపు కంచన్‌బాగ్ 70 దాటింది. యూసుఫ్‌గూడలో కృష్ణానగర్ ఉంది. సినిమాల్లో వేషం కోసం వచ్చినవాళ్లు, లైట్‌బాయ్‌లు, డాన్సర్లు, ఒక్కో గదిలో నలుగురైదుగురు. ఇవాళ ఉన్నవాడు వేషం దొరికితే మణికొండ పోతాడు, దొరక్కపోతే ఊరికి పోతాడు. అక్కణ్ణుంచి అమీర్‌పేట వైపు నడిస్తే కోర్సుల పిల్లలు, హాస్టళ్లు. బోరబండలో కూడా కిరాయిదార్లున్నారు గాని, ఇరవై గజాల్లోనో నలభై గజాల్లోనో గోడ లేపుకుని రెండు తరాలుగా పాతుకున్న ఇళ్లున్నాయి. అక్కడ పేరు కదలదు, మనిషీ కదలడు. బోరబండ సైట్-త్రీలో కొన్ని గల్లీల్లో తాతా మనవడూ ఒకే బూత్‌లో ఓటేశారు.

ఇదంతా ఇళ్ల మహిమేనని నేను అనను. పోటీ ఎంత గట్టిగా ఉంది, స్థానిక కార్పొరేటరు ఎంత తిరిగాడు, పోలింగు ముందు రాత్రి ఏ గల్లీలో ఏం జరిగింది... ఆ చివరిదాని గురించి వేదిక మీద మాట్లాడితే సభాధ్యక్షులు ఇబ్బంది పడతారు. వదిలేద్దాం.

5

ఇప్పుడు అసలు ప్రశ్న. బోరబండ మొగ్గు ఎటు?

విలేకరులు నన్నడుగుతుంటారు. నేను అంకెలు చెబుతాను, మీరే తేల్చండి. 2014లో గోపీనాథ్ తెలుగుదేశం టికెట్ మీద గెలిచారు. 2018లో, 2023లో గులాబీ పార్టీ (టీఆర్‌ఎస్, తర్వాత బీఆర్‌ఎస్) కారు గుర్తు మీద ఆయనే గెలిచారు. 2014లో ఆయన చేతిలో ఓడింది మజ్లిస్ అభ్యర్థి నవీన్ యాదవ్. ఆ నవీన్ యాదవే 2018లో స్వతంత్రుడు, 2025లో కాంగ్రెస్ అభ్యర్థి. 24,729 ఓట్ల మెజారిటీతో గెలిచారు. ఈసారి మజ్లిస్ పోటీకే దిగలేదు, ఆయనకు మద్దతిచ్చింది. అప్పటి బోరబండ కార్పొరేటరు, 2016లో డిప్యూటీ మేయరైన బాబా ఫసియుద్దీన్ గులాబీ నుంచి 2024లో కాంగ్రెస్‌కు వెళ్లారు. బీజేపీని చూడండి. 2023 అసెంబ్లీకి లంకల దీపక్‌రెడ్డి గారికి పాతిక వేల పైచిలుకు. ఆరు నెలలు తిరక్కుండా పార్లమెంటు ఎన్నికల్లో ఇదే నియోజకవర్గంలో ఆ పార్టీకి అరవై వేలు దాటాయి. మళ్లీ ఏడాదిన్నరకు దీపక్‌రెడ్డి గారికే 17,061.

దీన్ని చూసి జనానికి నిలకడ లేదంటారా? నాకు మహా నిలకడగా కనిపిస్తుంది. ఢిల్లీకి ఒక లెక్క, గల్లీకి ఒక లెక్క. గల్లీ లెక్కలో జెండా రంగు చివరి సంగతి. రాత్రి పన్నెండింటికి పోలీస్ స్టేషన్‌కు వచ్చేదెవరు, నల్లా రాకపోతే ఫోనెత్తేదెవరు, చావుకు టెంటు వేయించేదెవరు, అది మొదటి సంగతి. పీజేఆర్ కాలం నుంచీ అదే కొలత. ఆ మనిషి పార్టీ మారితే ఓటు కూడా సంచీ సర్దుకుని వెంట వెళుతుంది. దీన్ని చైతన్యం లేకపోవడం అని నేను అనలేను. పట్టా లేని ఇంట్లో ఉన్నవాడికి సిద్ధాంతం కంటే మనిషి అవసరం.

కాని ఈ మొగ్గు ఎవరిది? మాస్టారి పెన్సిల్ ఇక్కడ గుచ్చుకుంటుంది. ఉప ఎన్నికలో గెలిచిన అభ్యర్థికి 98,988 ఓట్లు. జాబితాలో ఉన్న నాలుగు లక్షల్లో దాదాపు నాలుగో వంతు. ఓటేయని పేర్లు రెండు లక్షలు దాటాయి. వాటిలో మనుషులెందరో, ఉత్త పేర్లెన్నో. జాబితా బయట ఇంకెందరో. మనం "జూబ్లీహిల్స్ తీర్పు" అంటున్నది పాతుకున్నవాళ్ల తీర్పు. ఇవాళ ఈ సభకొచ్చిన కిరాయిదార్లది కాదు.

వాళ్ల మొగ్గు ఎటు పోయిందో ఊహించడం కష్టం కాదు. 2023 నవంబరు ఎన్నికల్లో రాష్ట్రంలో కాంగ్రెస్ గెలిచింది గాని హైదరాబాద్ జిల్లాలో పదిహేను సీట్లలో ఒక్కటీ రాలేదు. అదే ఎన్నికల్లో ఉమ్మడి పాలమూరులో పద్నాలుగింట పన్నెండు కాంగ్రెస్‌వి. పత్రికలు రాశాయి, పల్లె ఒక దారి, పట్నం ఒక దారి అని. పోలింగుకు ముందు రోజు రాత్రి ఎర్రగడ్డలో, అమీర్‌పేటలో బస్సుల కోసం నిలబడ్డవాళ్లను నేను చూశాను. బోరబండలో ఏడాదంతా పడుకుని, ఇక్కడి నీళ్లు తాగి, ఇక్కడి డ్రైనేజీ వాసన పీల్చిన మనిషి, పోయి నారాయణపేటలోనో మక్తల్‌లోనో మీట నొక్కాడు. అతన్ని పట్నం ఓటరనాలా, పల్లె ఓటరనాలా? 2024 మే 13న ఆంధ్రలో అసెంబ్లీకి, మనకు పార్లమెంటుకు ఒకే రోజు పోలింగు. ఆంధ్రలో ఎనభై శాతం దాటింది, సికింద్రాబాదులో నలభై తొమ్మిది. ఆ ఎనభైలో ఇక్కణ్ణుంచి వెళ్లినవాళ్లు లేరా? ఉన్నారు, మా ఎదురింటి వాళ్లే రెండు కార్లలో వెళ్లారు. అక్కడ వాళ్లను ప్రజాస్వామ్యానికి వెన్నెముక అన్నారు. ఇక్కడ వాళ్ల వీధిని చూపించి బద్ధకం అన్నారు.

దీనివల్ల నష్టమేమిటంటారా. ఓటు లేని గల్లీకి నల్లా ఆఖరున వస్తుంది. కార్పొరేటరు చేతిలో జాబితా ఉంటుంది. ఏ ఇంట్లో ఎన్ని ఓట్లో ఆయనకు నోటికి వచ్చు. నాలుగంతస్తుల ఇంట్లో పద్దెనిమిది మంది కిరాయిదార్లుండి ఓటొకటి ఉంటే, ఆ ఇల్లు ఆయనకు ఒక మనిషి కిందే లెక్క. చెడ్డవాడు కాబట్టి కాదు, మాస్టారిలా ఆయనా లెక్కలు తెలిసినవాడు కాబట్టి. కిరాయిదారు డ్రైనేజీ గురించి అడిగితే "మీ ఓటెక్కడ?" అని మొదట అడుగుతారు. అక్కడితో మాట ఆగిపోతుంది.

ఏం చేయాలని అడుగుతారు కాబట్టి చెబుతాను, క్లుప్తంగానే. 2022 నుంచి ఏడాదికి నాలుగు అర్హత తేదీలొచ్చాయి, పద్దెనిమిది నిండిన పిల్లలు జనవరి దాకా ఆగనక్కర్లేదు. కిరాయిదారుకు ఓనరు సంతకం చేసిన తెల్లకాగితం చాలేలా చూడాలి. జాబితా సవరణ కిరాయి గదుల్లో మనిషి ఉండే వేళకు, అంటే రాత్రి ఎనిమిది తర్వాత జరగాలి. ఓటు తప్పనిసరి చేయాలనే మిత్రులున్నారు. ఆస్ట్రేలియా 1924లో ఆ పని చేసి, అరవై లోపున్న శాతాన్ని తొంభై దాటించింది. ముందు పేరునూ మనిషినీ ఒకచోటికి తేకుండా మన దగ్గర ఆ చట్టం తెస్తే జరిమానా నోటీసులు కూడా పాత చిరునామాకే పోతాయి.

పోతే, కిరాయిదారు ఊళ్లో ఓటును వదులుకోవాలా అన్న ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. మాస్టారి దగ్గరా లేదు. ఆయన తన గల్లీలో ఎవరినీ ఓటు మార్చుకోమని బలవంతపెట్టలేదు. "యాడ ఉంటే మీకు గౌరవమో ఆడ ఉంచుకోండ్రి" అనేవారు. ఫారం మాత్రం జేబులో ఉంచుకుని తిరిగేవారు.

ఆయన పోయాక ఈ పుస్తకం వారి అమ్మాయి నాకు చూపించారు. సభ అయ్యాక మీరూ చూడొచ్చు, పేజీలు నలిగి ఉన్నాయి, మెల్లగా తిప్పండి. తన సొంత ఇంటి నంబరు దగ్గర, అందరిలాగే, ఆయన తన పేరు కూడా పెన్సిల్‌తోనే రాసుకున్నారు.